కళామతల్లి సింహాసనం ముందు రాఫేల్, డ్యూరర్: ఈ ఎచింగ్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇద్దరు పెద్ద పెయింటర్లు, ఇటలీ రాఫేల్, జర్మనీ డ్యూరర్, కళ అనే దేవత సింహాసనం ముందు మోకరిల్లిన ఎచింగ్, అంటే మెటల్ ప్లేట్ మీద గీసి యాసిడ్‌తో గాడులు పడేలా చేసి తీసిన ప్రింట్, ఒకటుంది. ఫ్రాంజ్ ఫోర్ అనే జర్మన్ కుర్రాడు గీసిన బొమ్మ, కార్ల్ హోఫ్ ప్లేట్ మీదకి ఎక్కించింది. ఇది ఎక్కడ కనిపించినా మనవాళ్ళు అవే డౌట్లు మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు, అందుకే అన్నీ ఒకచోట పెట్టాను. మీకు ఏ ప్రశ్న కావాలంటే అక్కడికే వెళ్ళి చదువుకోండి, మిగతావి చదవకపోయినా అర్థమవుతుంది.

## బొమ్మ మొదటిసారి చూసినవాళ్ళకి

అసలు ఈ బొమ్మలో ఏముంది?

మధ్యలో ఎత్తైన సింహాసనం, దాని మీద ఒకావిడ, ఆవిడే కళ. ఆవిడకి చెరో పక్క రాఫేల్, డ్యూరర్ మోకాళ్ళ మీద ఉంటారు. రాఫేల్ వెనక రోమ్, డ్యూరర్ వెనక అతని సొంతూరు న్యూరెంబర్గ్. అంటే ఒక్క కాగితం మీద రెండు దేశాలు, రెండు ఊళ్ళు, ఇద్దరు మనుషులు, మధ్యలో ఇద్దరూ కొలిచే ఒకే తల్లి. ఇద్దరిలో ఎవరు గొప్ప అనే పోటీ ఇందులో లేదు. ఇద్దరికీ సమానంగా చోటిచ్చాడు, ఇద్దరినీ ఒకే ఎత్తులో వంచాడు, నాకు ఈ బొమ్మలో అన్నిటికంటే నచ్చేది అదే.

సింహాసనం మీద ఉన్నావిడ మేరీ మాత కదా?

కాదు, కానీ అలా అనిపించడం మీ తప్పు కాదు, గీసినవాడు అలా అనిపించాలనే గీసాడు. రినైసాన్స్ కాలం, అంటే 1400లు, 1500ల నాటి చర్చి బొమ్మల్లో మధ్యలో మేరీ మాత సింహాసనం మీద, అటూ ఇటూ సెయింట్లు నిలబడో మోకరిల్లో ఉంటారు. ఫోర్ ఆ ఏర్పాటు మొత్తాన్ని తీసుకుని తల్లి చోట్లో కళని, సెయింట్ల చోట్లో పెయింటర్లని పెట్టాడు. బొమ్మ గీయడం కూడా పూజే అని అతని నమ్మకం, ఆ నమ్మకాన్ని ఒక్క మాట రాయకుండా కూర్చోబెట్టే పద్ధతితోనే చెప్పేసాడు.

అలెగరీ అంటే ఏంటి, మామూలు బొమ్మకీ దానికీ తేడా ఏంటి?

కంటికి కనపడని విషయాన్ని మనిషి రూపంలో చూపించడం అలెగరీ. న్యాయం, విద్య, కీర్తి, కళ, ఇలాంటివాటికి ముఖం ఉండదు కాబట్టి ఒక ముఖం, ఒక వేషం, చేతిలో ఒక వస్తువు ఇస్తారు. మనకి ఇది కొత్తేం కాదు, భాషకి, నేలకి రూపమిచ్చి తెలుగుతల్లి అని విగ్రహం పెట్టుకున్నవాళ్ళం, సినిమావాళ్ళు స్టేజీ ఎక్కగానే కళామతల్లి అంటారు. కాకపోతే ఈ ఎచింగ్‌లో నిజంగా బతికిన ఇద్దరు మనుషులు ఊహలో పుట్టిన ఆ తల్లి ముందు ఒకే సీన్‌లో ఉన్నారు, అందుకే ఇది జరిగిన సంఘటన అనుకుని చదివితే తికమక అవుతుంది. ఇలాంటి సీన్ ఎక్కడా జరగలేదు.

ఇది రాఫేల్ గీసిందా, డ్యూరర్ గీసిందా?

ఇద్దరూ కాదు. వాళ్ళు 1500ల వాళ్ళు, ఈ బొమ్మ 1800ల నాటిది. ఊహ, డ్రాయింగ్ ఫ్రాంజ్ ఫోర్‌ది, సుమారు 1810 నాటిది. ఎచింగ్ కార్ల్ హోఫ్ చేసింది, అది 1830ల మొదట్లో, అంటే ఫోర్ చనిపోయిన దాదాపు ఇరవై ఏళ్ళకి. షేర్ చేసేటప్పుడు చాలామంది డ్యూరర్ ఎచింగ్ అని క్యాప్షన్ పెట్టేస్తున్నారు, దయచేసి ముగ్గురు నలుగురి పేర్లున్నా సరే పూర్తిగా రాయండి, లేకపోతే 24 ఏళ్ళకే పోయిన కుర్రాడి పేరు ఇంకా వెనక్కి పోతుంది.

ఫోర్ గీసిన ఒరిజినల్ డ్రాయింగ్ ఎక్కడుంది?

అది పోయింది. మనకి మిగిలింది హోఫ్ ఎచింగే. ఫోర్ చనిపోయాక అతని దగ్గర మిగిలిన డ్రాయింగ్‌లని ప్రింట్లుగా తేవాలని అతని సొంతూరు ఫ్రాంక్‌ఫర్ట్‌లో కళాభిమానుల సంఘం ఒకటి పూనుకుంది కాబట్టి ఈ బొమ్మ బతికింది. కాపీనే కదా అని ఎచింగ్‌ని తక్కువ చేసి మాట్లాడేవాళ్ళకి నేను చెప్పేది ఇదే, ఆ కాపీయే లేకపోతే ఇవాళ మాట్లాడుకోడానికి బొమ్మే లేదు.

## ఆ ఇద్దరు మాస్టర్ల గురించి

రాఫేల్, డ్యూరర్ నిజంగా ఎప్పుడైనా కలిసారా?

లేదు. డ్యూరర్ 1471లో న్యూరెంబర్గ్‌లో పుట్టాడు, రాఫేల్ 1483లో ఉర్బినోలో. డ్యూరర్ రెండుసార్లు ఇటలీ వెళ్ళాడు, మొదట 1494–95లో, తర్వాత 1505–07లో, కానీ ఎక్కువగా వెనిస్‌లోనే ఉన్నాడు, ఆ రెండోసారికి రాఫేల్ ఇంకా ఫ్లోరెన్స్‌లో పైకొస్తున్న కుర్రాడు. అందుకే ఈ ఎచింగ్‌లో ఇద్దరూ పక్కపక్కన కనపడితే మనసుకి ఒకలా ఉంటుంది, బతికుండగా కుదరని కలయికని ఇంకెవరో కాగితం మీద కుదిర్చారు.

కలవకపోతే ఒకరికొకరు ఎలా తెలుసు మరి?

కాగితాల ద్వారా, ప్రింట్లు డ్రాయింగ్‌ల ద్వారా. ఈ ప్రశ్నకి కొంచెం పెద్ద జవాబే రాస్తాను, ఎందుకంటే మొత్తం విషయంలో అసలు అందం ఇక్కడే ఉంది.

డ్యూరర్ వుడ్‌కట్లు, అంటే చెక్క మీద చెక్కి అచ్చేసిన బొమ్మలు, ఎన్‌గ్రేవింగ్‌లు, అంటే రాగి మీద చెక్కి అచ్చేసినవి, యూరప్ అంతా తిరిగాయి. రాఫేల్ తన స్టూడియోలో డ్యూరర్ ప్రింట్లు పెట్టుకుని మెచ్చుకునేవాడని 1557లో వెనిస్ రచయిత లొడొవికో డోల్చె రాసాడు. ప్రాడో మ్యూజియంలో రాఫేల్ పెయింటింగ్ ఒకటుంది, సిలువ మోస్తూ క్రీస్తు కింద పడిపోయే సీన్, అందులో క్రీస్తు పడిన తీరు డ్యూరర్ వుడ్‌కట్ చూసి తీసుకున్నదే అని ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

ఇంకోవైపు, డ్యూరర్ పల్చటి బట్ట మీద నీటిరంగులతో తన సెల్ఫ్ పోర్ట్రెయిట్ వేసి రాఫేల్‌కి పంపాడని, పెయింటర్ల జీవితాలు రాసిన ఇటలీ రచయిత వసారి రాసాడు. తెల్లరంగు వాడకుండా బట్ట తెలుపునే తెలుపుగా వదిలేసాడట, రాఫేల్ అది చూసి ఆశ్చర్యపోయి బదులుగా తన డ్రాయింగ్‌లు పంపాడట. ఆ పోర్ట్రెయిట్ తర్వాత రాఫేల్ శిష్యుడు జూలియో రొమానో చేతికి వచ్చింది, ఇప్పుడు లేదు. కానీ రాఫేల్ నుంచి డ్యూరర్‌కి వెళ్ళిన షీట్ ఒకటి వియన్నా అల్బెర్టినా మ్యూజియంలో ఇంకా ఉంది, ఎర్ర చాక్‌తో గీసిన బట్టల్లేని మగాళ్ళ స్టడీ, అంటే పెయింటింగ్‌కి ముందు వేసుకునే డ్రాయింగ్, దాని మీద డ్యూరర్ తన చేత్తో 1515 అని వేసి, పోప్ అంత గౌరవించే ఉర్బినో రాఫేల్ తన చేతివాటం చూపించడానికి నాకు ఇది న్యూరెంబర్గ్‌కి పంపాడు అని రాసుకున్నాడు.

1520లో రాఫేల్ చనిపోయాక డ్యూరర్ నెదర్లాండ్స్ టూర్‌లో ఉన్నాడు. అక్కడ ఆంట్‌వెర్ప్‌లో రాఫేల్ శిష్యుడు, బొలోన్యా తొమ్మాసో, తనని వెతుక్కుంటూ వచ్చి కలిసాడని, రాఫేల్ సామాన్లన్నీ చెల్లాచెదురు అయిపోయాయని డైరీలో రాసాడు. తన ప్రింట్ల సెట్టు మొత్తం ఆ తొమ్మాసోకి ఇచ్చి, రోమ్‌కి పంపి బదులుగా రాఫేల్ పనులు తెప్పించమన్నాడు. అప్పటికే పేరు ప్రఖ్యాతులున్న 49 ఏళ్ళ మనిషి, తనకన్నా 12 ఏళ్ళు చిన్నవాడి బొమ్మల కోసం తన సెట్టు మొత్తం ఇచ్చాడు. ఇలాంటి ఇద్దరికి నివాళి ప్రింట్ రూపంలోనే రావడం ఎంత సరిగ్గా కుదిరిందో చూడండి.

ఆ 1515 డ్రాయింగ్ రాఫేల్ సొంత చేత్తో గీసిందేనా?

స్కాలర్లలో రెండు మాటలున్నాయి. వాటికన్‌లో ఓస్టియా యుద్ధం ఫ్రెస్కో, అంటే తడి గచ్చు మీద వేసే గోడ బొమ్మ, కోసం చేసిన స్టడీ అది, ఆ టైంకి రాఫేల్ స్టూడియోలో బోలెడుమంది శిష్యులు పనిచేస్తున్నారు కాబట్టి శిష్యుడెవరో గీసిందే రాఫేల్ పంపాడని కొందరంటారు, కాదు రాఫేల్‌దే అని కొందరు. డ్యూరర్ మాత్రం రాఫేల్ చేయి అనే నమ్మి దాచుకున్నాడు. 1810లో రోమ్‌లో కూర్చుని ఈ ఇద్దరి స్నేహం గురించి కలలు కన్న ఫోర్‌కి, అతని మిత్రులకి కూడా ఆ నమ్మకమే ముఖ్యం.

రాఫేల్ ఎచింగ్‌లు చేసేవాడా? డ్యూరర్?

రాఫేల్ ప్రింట్లు తన చేత్తో చెయ్యలేదు, డ్రాయింగ్ ఇస్తే మార్కాంతోనియో రైమొండి రాగి మీద చెక్కేవాడు. పసిపిల్లల ఊచకోత, పారిస్ తీర్పు, ఈ రెండు ఎన్‌గ్రేవింగ్‌లు అలా వచ్చినవే. ఇదే మార్కాంతోనియో అంతకుముందు వెనిస్‌లో డ్యూరర్ వుడ్‌కట్లని డ్యూరర్ గుర్తుతో సహా రాగి మీద కాపీ కొట్టాడు. తన పని కాపీ కొట్టొద్దని, చక్రవర్తి మాక్సిమిలియన్ ఆజ్ఞ ఉందని 1511 ఎడిషన్ల చివర డ్యూరర్ వార్నింగ్ అచ్చేయించాడు. చూసారా, ఇద్దరి మధ్య దారి వేసినవాళ్ళలో కాపీరాయుడు కూడా ఒకడు.

డ్యూరర్ మాత్రం ఎచింగ్ స్వయంగా చేసాడు, 1515 నుంచి 1518 మధ్య, ఇనుప ప్లేట్ల మీద, ఆరు మాత్రమే. చివరిది ఫిరంగి ఉన్న ల్యాండ్‌స్కేప్. ఇనుము మీద గీత మొరటుగా వస్తుంది, తుప్పు కూడా పడుతుంది, ఆ తర్వాత ఆ పద్ధతి జోలికి వెళ్ళలేదు.

ఇద్దరూ ఒకే రోజు చనిపోయారంటారు, నిజమేనా?

తేదీ ఒకటే, సంవత్సరాలు వేరు. రాఫేల్ 1520 ఏప్రిల్ 6న రోమ్‌లో, అది గుడ్ ఫ్రైడే, వయసు 37. డ్యూరర్ 1528 ఏప్రిల్ 6న న్యూరెంబర్గ్‌లో, వయసు 56. డ్యూరర్ పోయి 300 ఏళ్ళయిన సందర్భంగా 1828లో న్యూరెంబర్గ్‌లో పెద్ద ఉత్సవం చేసి విగ్రహానికి పునాదిరాయి వేసారు, క్రిస్టియన్ డానియెల్ రౌఖ్ చేసిన ఆ విగ్రహం 1840లో నిలబెట్టారు. హోఫ్ ఎచింగ్ ఈ రెండు తేదీల మధ్యలో వచ్చింది, అంటే జర్మనీలో డ్యూరర్ పేరు మార్మోగుతున్న రోజుల్లో.

లియోనార్డో, మైకెలాంజిలో ఎందుకు లేరు?

ఫోర్, అతనితో రోమ్‌లో ఉన్న జర్మన్ పెయింటర్ల బ్యాచ్‌కి కావాల్సింది భక్తి, నిదానం, శుభ్రమైన గీత. రాఫేల్‌లో కూడా వాళ్ళు ఎక్కువగా ఇష్టపడింది తొలిరోజుల రాఫేల్‌నే, చివర్లో వచ్చిన ఆర్భాటాన్ని కాదు. మైకెలాంజిలో కండలు తిరిగిన మనుషులు, మెలికలు తిరిగిన భంగిమలు వాళ్ళ రుచికి సరిపడలేదు. దక్షిణం నుంచి ఒకరు, ఉత్తరం నుంచి ఒకరు అనే జోడీ కూడా కావాలి కదా, ఆ లెక్కలో ఇటలీకి ఒకటే సీటు, అది రాఫేల్‌ది.

## గీసినవాళ్ళు, వాళ్ళ కాలం

ఫ్రాంజ్ ఫోర్ ఎవరు? పేరే వినలేదు.

1788లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టాడు, వియన్నా అకాడమీలో చదువుకోడానికి వెళ్ళాడు, అక్కడి పాఠాలు నచ్చలేదు. అచ్చు పోసినట్టు భంగిమలు నేర్పుతున్నారు తప్ప మనసు లేదు అనేది అతని బాధ. 1809 జులై 10న ఫ్రీడ్రిష్ ఓవర్‌బెక్‌తో, ఇంకో నలుగురితో కలిసి సెయింట్ లూక్ పేరుతో ఒక సంఘం పెట్టుకున్నాడు, లూక్ పెయింటర్లకి రక్షకుడు అని క్రైస్తవుల నమ్మకం. సభ్యులందరూ ఒప్పుకున్న పెయింటింగ్ వెనక సంఘం ముద్ర పడేది, అందులో సత్యం అనే జర్మన్ మాట మొదటి అక్షరం ఉండేది. 1810లో నలుగురు రోమ్ వెళ్ళారు, 1812 జూన్‌లో రోమ్ పక్కనున్న అల్బానోలో ఫోర్ క్షయతో చనిపోయాడు. 24 ఏళ్ళు. చేసింది తక్కువ, అందులో రుడాల్ఫ్ చక్రవర్తి బాసెల్ ఊళ్ళోకి వచ్చే పెయింటింగ్ ఫ్రాంక్‌ఫర్ట్ స్టేడల్ మ్యూజియంలో ఉంది, దొరికితే తప్పకుండా చూడండి, ఎర్రలు నీలాలు ఎంత తేటగా ఉంటాయో.

చనిపోయిన 300 ఏళ్ళ తర్వాత వీళ్ళకి నివాళి ఎందుకు పెట్టాలనిపించింది?

ముందు ఒక చిన్న పుస్తకం వచ్చింది. 1796 చివర్లో, విల్‌హెల్మ్ వాకెన్‌రోడర్ అనే కుర్రాడు, ఇతను కూడా 24 ఏళ్ళకే పోయాడు, కళని ప్రేమించే సన్యాసి మాటల్లా రాసిన వ్యాసాలు. అందులో డ్యూరర్ మీద రాసినచోట ఒక కల ఉంది. రాత్రిపూట గ్యాలరీలో పాత మాస్టర్లందరూ లేచి తమ పెయింటింగ్‌ల ముందు నిలబడి ఉంటారు, రాఫేల్, డ్యూరర్ మాత్రం విడిగా, చేతిలో చేయి వేసుకుని, పక్కపక్కన వేలాడుతున్న తమ బొమ్మల్ని మౌనంగా చూస్తుంటారు. జర్మన్ కుర్రాళ్ళ మనసులో ఆ జోడీ నాటుకుపోయింది.

రెండోది రాజకీయం. 1809లో నెపోలియన్ సైన్యం వియన్నాలో ఉంది, జర్మన్ రాజ్యాలన్నీ చెదిరి ఉన్నాయి, మనకంటూ ఒక గొప్ప మనిషి కావాలి అనే ఆరాటం ఉన్న రోజులు, అప్పుడు డ్యూరర్‌ని తెచ్చి రాఫేల్ పక్కన కూర్చోబెట్టడం అంటే మేమూ తక్కువ కాదు అని చెప్పడం. కానీ రాఫేల్‌ని తోసేసి డ్యూరర్‌ని పెట్టలేదు చూడండి. సొంత మనిషి మీద ప్రేమ పక్కింటివాడి మీద ద్వేషంగా మారని ఒక చక్కటి ఉదాహరణ ఇది, నేను ఇష్టంగా చూపించేది కూడా అందుకే.

నజరీన్లు అంటే వీళ్ళేనా?

వీళ్ళే. రోమ్‌లో సాంత్ ఇసిదోరో అనే ఐరిష్ ఫ్రాన్సిస్కన్ మఠం నెపోలియన్ హయాంలో ఖాళీ చేయించారు, అందులో ఈ కుర్రాళ్ళు ఉండేవాళ్ళు, తలా ఒక గది, కలిసి తినడం, సాయంత్రాలు కలిసి డ్రాయింగ్. జుట్టు పొడుగ్గా పెంచుకుని క్రీస్తు బొమ్మలా తిరుగుతున్నారని రోమ్‌లో జనం ఎగతాళిగా నజరీన్లు, అంటే క్రీస్తు ఊరు నజరేతు వాళ్ళు, అన్నారు, అదే పేరు చరిత్రలో ఉండిపోయింది. మ్యూనిక్‌లో ఉన్న డ్యూరర్ 1500 నాటి సెల్ఫ్ పోర్ట్రెయిట్ ఒకసారి చూస్తే ఆ పొడుగుజుట్టు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా ఊహించొచ్చు.

ఓవర్‌బెక్ కూడా ఇదే బొమ్మ వేసాడంట, రెండిటికీ తేడా ఏంటి?

వేసాడు, ఆ డ్రాయింగ్ అల్బెర్టినాలో ఉంది. ఓవర్‌బెక్ బొమ్మలో రాఫేల్, డ్యూరర్ సింహాసనం ముందు చేతులు కలుపుతారు. ఫోర్ బొమ్మలో ఇద్దరి చూపూ తల్లి వైపే. ఒకటి స్నేహం బొమ్మ, ఇంకోటి ప్రార్థన బొమ్మ. వెతికేటప్పుడు రెండూ కలిసి వస్తాయి, చేతులు చూసి గుర్తుపట్టండి.

ఇటాలియా, జర్మేనియా అనే ఇద్దరమ్మాయిల పెయింటింగ్‌కీ దీనికీ సంబంధం ఉందా?

గట్టి సంబంధమే ఉంది. ఫోర్, ఓవర్‌బెక్ ప్రాణ స్నేహితులు. ఓవర్‌బెక్ మనసు ఇటలీ వైపు, రాఫేల్ వైపు, ఫోర్ మనసు పాత జర్మనీ వైపు, డ్యూరర్ వైపు. ఇద్దరూ తమ తమ కళలని ఇద్దరు అమ్మాయిలుగా ఊహించుకుని సులమిత్, మరియా అని పేర్లు పెట్టుకున్నారు. ఫోర్ 1811లో ఆ ఇద్దరినీ చిన్న చెక్క మీద పెయింట్ చేసి ఓవర్‌బెక్‌కి ఇచ్చాడు. ఓవర్‌బెక్ బదులుగా వేద్దామని మొదలుపెట్టింది మిత్రుడి చావుతో ఆగిపోయింది, చాలా ఏళ్ళకి మళ్ళీ పట్టుకుని 1828లో పూర్తిచేసాడు, అదే మ్యూనిక్‌లో ఉన్న ఇటాలియా, జర్మేనియా. ఇది తెలిసాక ఎచింగ్‌లో మోకరిల్లిన రాఫేల్, డ్యూరర్‌లలో ఈ ఇద్దరు కుర్రాళ్ళు కూడా కనపడతారు.

అప్పట్లో అందరూ మెచ్చుకున్నారా?

లేదు. జర్మన్ మహాకవి గ్యోతే వర్గానికి ఈ ధోరణి అస్సలు పడలేదు. గ్రీకు పద్ధతిని వదిలేసి భక్తి, దేశం అంటూ వెనక్కి నడుస్తున్నారని గ్యోతే స్నేహితుడు హైన్‌రిష్ మాయర్ 1817లో గ్యోతే పత్రికలోనే ఘాటుగా రాసాడు. కొంత నిజం కూడా ఉంది, ఈ బ్యాచ్ పెద్ద పెయింటింగ్‌లు కొన్ని బిగుసుకుపోయి ఉంటాయి. కానీ చిన్న సైజు డ్రాయింగ్‌లలో, ప్రింట్లలో ఆ బిగువు ఇబ్బంది పెట్టదు, అక్కడ వాళ్ళ గీత నిజంగా పాడుతుంది.

## ఎచింగ్ పని గురించి

ఎచింగ్ ఎలా చేస్తారు?

మెటల్ ప్లేట్, మామూలుగా రాగి, బాగా పాలిష్ చేసి దాని మీద మైనం, తారు, రెసిన్ కలిపిన పల్చటి పూత వేస్తారు, దాన్ని గ్రౌండ్ అంటారు. సూదితో గీస్తే గ్రౌండ్ లేచిపోయి మెటల్ బయటపడుతుంది. ప్లేట్‌ని యాసిడ్‌లో పెడితే గీసినచోట మాత్రమే తింటుంది. లేతగా ఉండాల్సిన గీతలు తొందరగా బయటికి తీసి వార్నిష్‌తో మూసేసి, ముదురు గీతలని మళ్ళీ యాసిడ్‌లో పెడతారు, అంటే గీత ముదురు చేతి బలం వల్ల కాదు, యాసిడ్‌లో ఉన్న టైం వల్ల వస్తుంది. తర్వాత గ్రౌండ్ కడిగేసి, ఇంకు పట్టించి, పైపైన తుడిచేస్తే ఇంకు గాడుల్లోనే మిగులుతుంది. తడిపిన కాగితం పెట్టి, పైన ఫెల్ట్ దుప్పట్లు కప్పి ప్రెస్‌లో గట్టిగా తిప్పితే కాగితం గాడిలోకి దిగి ఇంకుని లాక్కుంటుంది. ఈ పద్ధతి జర్మనీలో కవచాల మీద డిజైన్లు వేసేవాళ్ళ దగ్గర పుట్టింది, అక్కడి నుంచి కాగితానికి తెచ్చినవాళ్ళలో 1500 ప్రాంతం ఆగ్స్‌బర్గ్ డానియెల్ హాప్‌ఫర్ మొదటివాడు.

మన తెలుగువాళ్ళలో ఎచింగ్ అనగానే గుర్తొచ్చే పేరు ఉమ్మడి మెదక్ జిల్లా నిజాంపూర్ లక్ష్మా గౌడ్ గారిది. ఊరి మనుషుల్ని, మేకల్ని ఆయన సన్నటి గీతతో ప్లేట్ మీదకి తెచ్చిన తీరు చూస్తే సూది ఎంత స్వేచ్ఛగా కదులుతుందో తెలుస్తుంది.

ఎన్‌గ్రేవింగ్‌కీ ఎచింగ్‌కీ తేడా చూసి చెప్పగలమా?

పది రెట్లు పెద్దగా చూపించే లూప్ ఉంటే చెప్పగలం. ఎన్‌గ్రేవింగ్‌లో బ్యూరిన్ అనే ఉలితో మెటల్‌ని నేరుగా తవ్వుతారు, అందుకే గీత సన్నగా మొదలై మధ్యలో లావెక్కి మళ్ళీ మొనదేలుతుంది, అంచులు బ్లేడుతో కోసినట్టు ఉంటాయి. ఎచింగ్ గీత మొదలూ చివరా మొద్దుగా, దాదాపు ఒకే లావులో, అంచులు కొంచెం గరుగ్గా ఉంటుంది, పెన్నుతో గీసినంత తేలిగ్గా వంకర తిరుగుతుంది. చాలా ప్లేట్ల మీద రెండూ కలిపి వాడతారు, ముందు ఎచింగ్‌తో బొమ్మ దింపుకుని తర్వాత బ్యూరిన్‌తో బలపరుస్తారు.

ఇందులో నీడలు పెద్దగా లేవు, అన్నీ గీతలే, పని పూర్తికాలేదా?

పూర్తయింది. అవుట్‌లైన్ అనేది అప్పటి ఫ్యాషన్, ఇంగ్లాండ్ జాన్ ఫ్లాక్స్‌మన్ 1793లో హోమర్ కావ్యాలకి ఒట్టి గీతలతో వేసిన బొమ్మలు యూరప్ మొత్తాన్ని ఊపేసాయి. నజరీన్లకి అయితే గీత నిజాయితీకి గుర్తు, నీడలతో మభ్యపెట్టకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పే పద్ధతి. ఫోర్ లాంటివాడి డ్రాయింగ్‌ని ప్లేట్ మీదకి తేవడానికి ఎచింగే సరైనది, పెన్ను నడక సూదిలో పోదు.

ప్రింట్ తిరగబడుతుంది కదా, అప్పుడు ఎడమ కుడి మారిపోవా?

మారతాయి. ప్లేట్ మీద ఎలా గీస్తే కాగితం మీద అద్దంలో చూసినట్టు వస్తుంది. అందుకే ఇంకొకరి డ్రాయింగ్‌ని దింపేవాళ్ళు ముందు ట్రేసింగ్ తీసి, దాన్ని బోర్లించి గ్రౌండ్ మీదకి ఎక్కిస్తారు. ఆ ఓపిక లేనివాళ్ళ ప్రింట్లలో కత్తి ఎడమచేతిలోకి వచ్చేస్తుంది, పాత ప్రింట్లలో ఎడమచేతివాటం సైనికులు అంతమంది కనిపించడానికి కారణం అదే.

పాత ప్రింట్ల కింద చిన్న అక్షరాల్లో లాటిన్ ఉంటుంది, అదేంటి?

ఎవరు ఏం చేసారో చెప్పే క్రెడిట్లు, ఎక్కువగా పొట్టి రూపంలో ఉంటాయి. ఇన్వెనిట్ అంటే ఊహించినవాడు, డెలినియావిట్ అంటే డ్రాయింగ్ గీసినవాడు, స్కల్ప్సిట్ అంటే ప్లేట్ చెక్కినవాడు, ఫెకిట్ అంటే చేసినవాడు, ఎక్స్‌కూడిట్ అంటే పబ్లిషర్. ముందు ఈ లైను చదవడం అలవాటు చేసుకోండి, ఎవరిది ఎవరికో అంటగట్టే సగం పొరపాట్లు అక్కడే ఆగిపోతాయి.

## చూడాలన్నా, కొనాలన్నా

జర్మనీ వెళ్తున్నాను, ఎక్కడ చూడొచ్చు?

ఫోర్ సొంతూరు ఫ్రాంక్‌ఫర్ట్‌లోని స్టేడల్ మ్యూజియం దగ్గర మొదలుపెట్టండి. కాగితం మీద పనులు గోడకి ఎప్పుడూ వేలాడదీయరు, వెలుతురుకి పాడవుతాయి, వెలుతురు మామూలుగా 50 లక్స్ (వెలుతురు కొలత) దాటనివ్వరు, అది కూడా కొన్ని నెలలే. కాబట్టి గ్యాలరీలో వెతికి లేదని నిరాశపడకండి, ప్రింట్లకి, డ్రాయింగ్‌లకి విడిగా స్టడీ రూమ్ ఉంటుంది, ఏ బొమ్మ చూడాలో ముందే మెయిల్ రాసి టైం తీసుకోండి. బ్యాగు, పెన్ను బయట పెట్టించి పెన్సిలే అనుమతిస్తారు. ఆ కాగితం మీ ముందు టేబుల్ మీద పెట్టినప్పుడు తొందరపడకండి, ముందు మొత్తం చూడండి, తర్వాత ఇద్దరి చేతులు చూడండి.

ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు, ఒరిజినల్ ఎచింగా కాదా ఎలా తెలుస్తుంది?

ముందు ప్లేట్ మార్క్ చూడండి, ప్రెస్‌లో ప్లేట్ అంచు కాగితంలోకి దిగి బొమ్మ చుట్టూ పల్లం గీత పడుతుంది. అంచులు కత్తిరించేసి ఉంటే అది పోవచ్చు, దొంగ ప్లేట్ మార్క్ నొక్కేవాళ్ళూ ఉన్నారు, కాబట్టి అదొక్కటే చాలదు. లూప్‌తో చూస్తే గీత లోపల చుక్కచుక్కలుగా ఉంటే అది పుస్తకంలోంచి వచ్చిన ప్రింట్. నిజమైన ఎచింగ్‌లో ఇంకు కాగితం మీద కొంచెం ఉబ్బెత్తుగా నిలబడుతుంది, పక్క నుంచి లైటు కొడితే తెలుస్తుంది. అమ్మేవాళ్ళని వెనకవైపు ఫోటో, పక్క వెలుతురులో ఫోటో అడగండి, ఇవ్వనంటే వదిలెయ్యండి. మ్యూజియంలు వెబ్‌సైట్లలో పెట్టిన మంచి ఇమేజ్ ప్రింట్ తీయించుకుని గోడకి పెట్టుకున్నా తప్పేం లేదు, దాన్ని ఒరిజినల్ అని అమ్మితేనే తప్పు.

ఇంట్లో ఫ్రేమ్ కట్టించాలంటే ఏం జాగ్రత్తలు?

లామినేషన్ వద్దు, ఎంత చెప్పినా చేయిస్తూనే ఉన్నారు, కాగితాన్ని మళ్ళీ విడదీయలేరు. ఆసిడ్ ఫ్రీ మౌంట్ బోర్డు అడగండి, అద్దానికీ కాగితానికీ మధ్య మౌంట్ గ్యాప్ ఉండాలి, సెల్లో టేపు తగలకూడదు, పిండి జిగురుతో పల్చటి జపనీస్ కాగితం హింజ్‌లు, అంటే బొమ్మని పట్టి ఉంచే చిన్న ముక్కలు, పెట్టిస్తే రేపు తీయాలన్నా వస్తాయి. వైజాగ్, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్ళలో వానాకాలం తేమకి గోధుమరంగు మచ్చలు వస్తాయి, వెండి పురుగులు కాగితాన్ని గీకి తినేస్తాయి, బయటి గోడకి కాకుండా లోపలి గోడకి వేలాడదీయండి, ఏడాదికోసారి దించి వెనక చూడండి.

మచ్చలు వచ్చేసాయి, బ్లీచింగ్ చేయిస్తే పోతాయా?

పోతాయి, కాగితం బలం కూడా పోతుంది. ఇంట్లో ఎట్టి పరిస్థితిలోనూ ప్రయత్నించకండి, రబ్బరుతో రుద్దడం, తడిగుడ్డతో తుడవడం కూడా వద్దు. పైన దుమ్ము ఉంటే మెత్తటి బ్రష్‌తో మధ్య నుంచి అంచుల వైపు తేలిగ్గా దులపండి, అంతకుమించి ఏం కావాలన్నా పేపర్ కన్జర్వేటర్, అంటే పాత కాగితాలు బాగుచేసే నిపుణుల, దగ్గరికే తీసుకెళ్ళండి.